స్టీరింగ్ కోడింగ్ చేయిస్తున్నారా? ముందు పాత డేటా సేవ్ చేశారో లేదో చూడండి

హైదరాబాద్‌లో ఆడి, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌లో ఆడి టీటీ కొన్నవాళ్ళు, దయచేసి ఇది పూర్తిగా చదవండి. "స్పోర్ట్ స్టీరింగ్ కోడింగ్" (స్టీరింగ్ ఎంత బరువుగా తిరగాలో కారు కంప్యూటర్‌లో మార్చడం) అంటూ ఒక ల్యాప్‌టాప్, ఒక కేబుల్ పెట్టుకుని పదిహేను వేలకు గంటలో పని ముగించేస్తామనే గ్యారేజీల మెసేజ్‌లు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. అలాంటి ఒక గ్యారేజీలో నా కారు స్టీరింగ్‌ని ఏం చేశారో చెప్తాను. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. వాళ్ళు పని చేసిన పద్ధతి తెలిస్తే, అదే పద్ధతి ఇంకెక్కడ కనిపించినా మీరే గుర్తుపడతారు.

నాది రెండో తరం టీటీ, 2006 నుంచి 2014 వరకు తయారైన మోడల్. ఫోక్స్‌వ్యాగన్ అయిదో తరం గోల్ఫ్ కారు ప్లాట్‌ఫామే దీనికీ. స్టీరింగ్‌కి హైడ్రాలిక్ పంపు, ఆయిల్ ఏమీ ఉండవు. ముందు చక్రాలను తిప్పే స్టీరింగ్ ర్యాక్ మీదే ఒక ఎలక్ట్రిక్ మోటార్, దానికి అంటుకునే జే500 అనే కంట్రోల్ మాడ్యూల్ ఉంటాయి. మనం ఎంత బలంతో తిప్పుతున్నామో జీ269 టార్క్ సెన్సార్ చూస్తుంది, ఎంత తిప్పామో జీ85 యాంగిల్ సెన్సార్ చెబుతుంది. ఈ రెండిటికీ కారు వేగం కలిపి, మోటార్ ఎంత సాయం చేయాలో మాడ్యూల్ లెక్క వేస్తుంది. ఆ లెక్కంతా లోపల రాసి ఉన్న మ్యాప్, అంటే ఏ వేగంలో ఎంత సాయం చేయాలో చెప్పే పట్టిక ప్రకారమే. ఈ తరం స్టీరింగ్ గురించి ఫోక్స్‌వ్యాగన్ తన టెక్నీషియన్ల కోసం రాసిన ట్రైనింగ్ పుస్తకంలో గోల్ఫ్‌ని ఉదాహరణగా తీసుకుని ఇది వివరంగా చెప్పారు. మాడ్యూల్లో 16 మ్యాపుల దాకా చోటు ఉంటుంది. కారు బరువుని బట్టి ఏ మ్యాప్ వాడాలో ఫ్యాక్టరీలోనే సెట్ చేస్తారు. ఒక్కో మ్యాపులో 0, 15, 50, 100, 250 కిలోమీటర్ల వేగాలకు అయిదు గ్రాఫులు ఉంటాయి. పార్కింగ్‌లో ఒంటి చేత్తో తిరిగే స్టీరింగ్ హైవే మీద బిగువుగా మారేది వీటివల్లే.

నాకు కావలసింది చిన్న మార్పు. వంద దాటాక స్టీరింగ్ ఇంకాస్త బరువుగా ఉంటే బాగుండని. ఇది కుదరని కోరికేమీ కాదు. సరైన టూల్, సరైన డేటాసెట్ (ఈ మ్యాపులు ఉండే ఫైల్) ఉన్నవాళ్ళు ఈ కార్లకు చేస్తూనే ఉన్నారు. సమస్యల్లా ఆ టూల్, ఆ డేటాసెట్ లేనివాళ్ళు కూడా అదే పేరుతో డబ్బు తీసుకోవడం.

గ్యారేజీ అతను డ్యాష్‌బోర్డ్ కింద ఉన్న ఓబీడీ సాకెట్‌కి (కారుని స్కాన్ చేసే పోర్టుకి) కేబుల్ పెట్టి నేరుగా 44 నంబర్ అడ్రస్ ఓపెన్ చేశాడు. ఈ కార్లలో స్టీరింగ్ అసిస్ట్ మాడ్యూల్ అడ్రస్ అదే. కారు మొత్తం స్కాన్ చేయలేదు, పాత కోడింగ్ (మాడ్యూల్ సెట్టింగుల నంబరు) రాసుకోలేదు, లోపలున్న డేటాసెట్ వివరాలు సేవ్ చేయలేదు. "ముందు బ్యాకప్ తీస్తారా?" అని అడిగాను. "ఏం గాదన్నా, ఫ్యాక్టరీ డేటా మాడ్యూల్లనే ఉంటది, ఎప్పుడంటే అప్పుడు రీసెట్ కొట్టొచ్చు" అన్నాడు. అది పచ్చి అబద్ధం. కొత్త డేటాసెట్ పాతదాని మీదే పడుతుంది. వెనక్కి వెళ్ళాలంటే ఆ పాత ఫైలే కావాలి, లేదా ఆ పార్ట్ నంబరుకీ ఆ కారుకీ సరిపోయే అసలు ఫైల్ ఎక్కడినుంచైనా తేవాలి. ఒక్క బటన్‌తో వెనక్కి పోయే రీసెట్ ఏదీ లేదు.

బ్యాటరీకి చార్జర్ కూడా పెట్టలేదు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంది, హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి, ఏసీ ఫ్యాన్ తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం ఆఫ్. మాడ్యూల్లోకి డేటా రాసేటప్పుడు వోల్టేజ్ నిలకడగా ఉండాలి. ఇది ఈ పనిలో ఉన్న ఎవరికైనా మొదటి పాఠం. పైగా ఈ స్టీరింగ్ వోల్టేజ్ విషయంలో మరీ సున్నితం. మామూలుగా నడిచేటప్పుడే సరఫరా 9 వోల్టుల కిందికి పోతే సాయం తగ్గించుకుంటూ వెళ్ళి చివరికి ఆపేసి, ఎర్ర లైటు వేస్తుంది. అప్‌లోడ్ సగంలో ఉండగా స్క్రీన్ మీద బార్ ఆగిపోయింది, కమ్యూనికేషన్ ఎర్రర్ వచ్చింది. మీటర్‌లో స్టీరింగ్ బొమ్మ ఎర్రగా వెలిగింది, మూడుసార్లు బీప్ కొట్టింది. స్టీరింగ్ పట్టుకుంటే కదలనంత బిగుసుకుంది.

అప్పుడైనా ఆగి, ఆ కారుకి సరిపోయే ఫైల్ వెతకాలి కదా. అతను ఎవరికో ఫోన్ చేసి ఒక ఆక్టేవియా ఫైల్ తెప్పించాడు. "ర్యాక్ రెండిటికీ ఒకటే" అన్నాడు. దీన్ని మాత్రం గట్టిగా చెప్తున్నాను, ర్యాక్ బయటికి ఒకేలా ఉన్నంత మాత్రాన డేటాసెట్ ఒకటే కాదు. ముందు ఇరుసు మీద పడే బరువు, టైర్ల వెడల్పు, సస్పెన్షన్ కోణాలు చూసి ఆ గ్రాఫులు గీస్తారు. బరువైన డీజిల్ ఇంజిన్ ఉన్న ఫ్యామిలీ కారుకి పెట్టిన సాయాన్ని, తేలికగా, కిందికి ఉండే టూ డోర్ కారుకి పెడితే వేగంలో స్టీరింగ్ మరీ లూజుగా తేలిపోతుంది. చక్రాలు తిన్నగా రావడానికి మోటార్ ఇచ్చే వెనక్కి తోసే బలం కూడా ఆ లెక్కల్లోదే.

ఫైల్ ఎక్కింది, లైటు ఆరింది, ఫాల్ట్ కోడ్‌లు క్లియర్ చేశాడు. వీధిలో ఒక రౌండ్ కొడితే అంతా మామూలుగానే ఉంది. నలభైలో ఏమీ తేడా తెలియదు, అందుకే గ్యారేజీ చుట్టూ వేసే టెస్ట్ డ్రైవ్‌ని ఎవరూ నమ్మొద్దు.

అసలు సంగతి అవుటర్ రింగ్ రోడ్ ఎక్కాక బయటపడింది. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వైపు వంద దాటగానే చేతిలో స్టీరింగ్ ఉందా లేదా అన్నట్టయింది. లేన్ మారదామని కొద్దిగా తిప్పితే కారు అనుకున్నదానికంటే ఎక్కువ జరిగింది. సర్దుదామని ఇటు తిప్పితే ఇటు ఎక్కువ జరిగింది. పక్క లేన్‌లో లారీ ఉంది. ఆ టెన్షన్ మీకెవరికీ రాకూడదు. వేగం తగ్గించి ఎడమ లేన్‌లోకి వచ్చి, ఎగ్జిట్ దిగి యూటర్న్ తీసుకుంటే స్టీరింగ్ తిన్నగా వెనక్కి రాలేదు, పావు వంతు పక్కకే ఉండిపోయింది. చేత్తో తిప్పి సర్దాల్సి వచ్చింది. ఇంకాస్త దూరం వెళ్ళేసరికి పసుపు లైటు, ఈఎస్‌పీ లైటు రెండూ వెలిగాయి. జీ85 సెన్సార్ సమాచారం ఈఎస్‌పీకి కూడా కావాలి, అందుకే స్టీరింగ్‌లో తేడా వస్తే కారు జారకుండా కాపాడే సిస్టమ్ కూడా పక్కకు తప్పుకుంటుంది. స్పోర్ట్స్ కారులో ఇది చిన్న విషయం కాదు.

తిరిగి గ్యారేజీకి తీసుకెళ్తే మాట మారింది. ల్యాప్‌టాప్‌లో 00573 చూపించారు. అది టార్క్ సెన్సార్ కోడ్. "సెన్సార్ పోయిందన్నా, ఇది ర్యాక్‌తోనే వస్తది, కొత్త ర్యాక్ వెయ్యాలె" అని రెండు లక్షల పైన కొటేషన్ ఇచ్చారు. ఈ మాటకి భయపడి ఒప్పుకునేవాళ్ళు ఉంటారు, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది. ఈ ర్యాకుల్లో జీ269 నిజంగానే పోతుంటుంది, పోతే ర్యాక్ మొత్తం మార్చమనే కంపెనీ కూడా చెబుతుంది. కానీ ముందురోజు దాకా లేని కోడ్ రాంగ్ ఫైల్ వేసిన మర్నాడే వస్తే, ముందు చూడాల్సింది ఆ ఫైల్‌ని. ఇప్పుడు బిల్లు సంగతి. పదిహేను వేలు తీసుకుని ఇచ్చిన కాగితం మీద "జనరల్ చెకప్ అండ్ స్కానింగ్" అని రాసి ఉంది. స్టీరింగ్ అన్న మాటే లేదు. డబ్బు వెనక్కి అడిగితే "మేం స్కానింగే చేసినం కదన్నా" అన్నారు.

కారుని ట్రక్ మీద ఎక్కించి ఇంకో టెక్నీషియన్ దగ్గరికి పంపాను. ఆయన పని మొదలుపెట్టిన తీరు చూస్తేనే తేడా తెలిసింది. బానెట్ ఎత్తి బ్యాటరీకి స్టెబిలైజ్డ్ చార్జర్ తగిలించారు, హెడ్‌లైట్లు, బ్లోయర్ ఆపారు. తర్వాత కారులో ఉన్న మాడ్యూల్స్ అన్నిటినీ స్కాన్ చేసి రిపోర్ట్ సేవ్ చేసి, నాకూ పంపారు. 44లో 01044 ఉంది, అంటే మాడ్యూల్ కోడింగ్ తప్పు. 00778 ఉంది, అంటే జీ85కి బేసిక్ సెట్టింగ్ (స్టీరింగ్ తిన్నగా ఉన్నప్పటి సున్నా స్థానం) లేదు. 02546 ఉంది, అంటే స్టీరింగ్ రెండు చివరల హద్దు మాడ్యూల్‌కి తెలియదు. 00573 కూడా ఉంది. మొదటి గ్యారేజీలో ఈ నాలుగింట్లో ఒక్కటే చూపించారు, లక్షలు పలికేది.

ఆయన టార్క్ సెన్సార్‌ని అనుమానించే ముందు దాని లైవ్ రీడింగ్ తెరిచి నన్ను పక్కన కూర్చోబెట్టారు. స్టీరింగ్ మీద చెయ్యి తీసేస్తే అంకె సున్నా దగ్గర నిలబడింది. ఎడమకి మెల్లగా ఒత్తితే ఒకవైపు పెరిగింది, కుడికి ఒత్తితే అంతే సమంగా రెండోవైపు పెరిగింది, వదిలేస్తే మళ్ళీ సున్నాకి వచ్చింది. ఎక్కడా దూకడం లేదు, ఆగిపోవడం లేదు. "సెన్సార్ బాగుంది సార్" అని, ర్యాక్ మీద పార్ట్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ చదివి, దానికి సరిపోయే టీటీ డేటాసెట్ వేశారు. తర్వాత కోడింగ్, జీ85 బేసిక్ సెట్టింగ్, స్టీరింగ్‌ని ఒక చివరి నుంచి రెండో చివరికి తిప్పి హద్దులు నేర్పించడం. లైట్లన్నీ ఆరాయి. 00573 మళ్ళీ రాలేదు. అదే ర్యాక్‌తో కారు ఇప్పుడు తిరుగుతోంది.

మరి ముందు కోరుకున్న బరువైన స్టీరింగ్? ఆయన చేయగలనన్నారు, నేనే వద్దన్నాను. ఆయన చెప్పిన మాట నాకు నచ్చింది కూడా. మ్యాప్ మారిస్తే తిప్పే బరువు మారుతుందే తప్ప, రోడ్డు చేతికి తెలిసే గుణం అందులోంచి రాదు. ఆ గుణం ముందు టైర్లు, అలైన్‌మెంట్, కంట్రోల్ ఆర్మ్ బుష్‌ల (సస్పెన్షన్‌లోని రబ్బరు జాయింట్ల) నుంచి వస్తుంది. నా కారుకి బుష్‌లు అరిగి ఉన్నాయి, అవి మార్పించాను. అంత ఖర్చు కూడా కాలేదు, స్టీరింగ్ మాత్రం బిగువుగా అయింది.

మీరు చేయించుకోవాలనే అనుకుంటే, డబ్బు ఇచ్చే ముందు అతను ఏ టూల్ వాడతాడో అడగండి. వీసీడీఎస్ అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌తో కోడ్‌లు చదవడం, సెన్సార్ బేసిక్ సెట్టింగ్, మామూలు కోడింగ్ చేయొచ్చు. మ్యాప్ డేటాసెట్ రాయడం వేరే స్థాయి పని, దానికి వేరే టూల్ కావాలి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు దొరికే నకిలీ కేబుల్, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో స్టీరింగ్ మాడ్యూల్‌ని ముట్టుకోనివ్వొద్దు. మొత్తం కారు స్కాన్ రిపోర్ట్, స్టీరింగ్ మాడ్యూల్ పార్ట్ నంబరు, పాత కోడింగ్, పాత డేటాసెట్ పేరు, ఇవి రాయడం మొదలుపెట్టకముందే మీ ఫోన్‌కి వచ్చెయ్యాలి. బిల్లు మీద "స్టీరింగ్ మాడ్యూల్ పారామీటర్ మార్పు" అని, కారు నంబరుతో, జీఎస్‌టీతో రాయించుకోండి. ఇలా రాయనన్నవాడు పని చెడిపోతే బాధ్యత కూడా తీసుకోడు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేయించిన మార్పు రేపు క్లెయిమ్ దగ్గర గొడవ తేవచ్చు, అది కూడా ముందే కనుక్కోండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఊరుకోకండి. నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ళ గడువు ఉంది, మీరు చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు. నా కేసులో పనికొస్తున్నవి యూపీఐ రసీదు, "స్టీరింగ్ కోడింగ్ రెడీ, రండి" అని వాళ్ళు పంపిన వాట్సాప్ మెసేజ్, రెండో టెక్నీషియన్ ఇచ్చిన స్కాన్ రిపోర్ట్. బిల్లు మీద ఏం రాసినా ఆ మెసేజ్ ఉంది కాబట్టి, మీ దగ్గరున్న చాట్‌లు ఏవీ డిలీట్ చేయకండి.

కోడింగ్ చేయించుకుని ఏ లైటూ రాలేదు కదా అనుకునేవాళ్ళకి కూడా ఒక మాట. ఖాళీ రోడ్డు మీద తక్కువ వేగంలో ఒక మలుపు తీసుకుని, బయటికి వచ్చేటప్పుడు చేతుల పట్టు వదులు చేసి చూడండి. స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాకపోయినా, వేగం పెరిగేకొద్దీ బరువెక్కకుండా ఇంకా తేలికవుతున్నట్టు అనిపించినా, హైవే ఎక్కకండి. పసుపు లైటుంటే మెల్లగా దగ్గర్లోని మంచి టెక్నీషియన్ దగ్గరికి వెళ్ళండి. ఎర్ర లైటు వస్తే కారు నడపకండి, ట్రక్ పిలిపించండి.