కాగితమా, వీడియోనా? ఇంటి ఎక్సర్‌సైజులకి ఏది మేలు?

మా ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చే ఇంటర్న్‌లు వారం తిరక్కుండా అడిగే ప్రశ్న ఇది: "పేషెంటుకి రాసివ్వాలా సార్, వీడియో పంపేస్తే చాలా?" అందరి చేతిలోనూ ఫోన్ ఉండగా ఇంకా కాగితమేంటన్నది వాళ్ల అసలు సందేహం.

వీడియో బలం వీడియోదే. భుజం పట్టేసినవాళ్లకి చెప్పే పెండ్యులం ఎక్సర్‌సైజే తీసుకోండి. ముందుకి వంగి చెయ్యి వేలాడేసి, ఒళ్లు ఊపితే ఆ ఊపుకి చెయ్యి దానంతటదే ఊగాలి. చేత్తో ఊపకూడదు. నాలుగు వాక్యాల్లో రాసినా ఇది బుర్రకెక్కదు, పది సెకన్ల వీడియోతో తేలిపోతుంది. కాకపోతే అది యూట్యూబ్ లింకు కాకూడదు. అందులో ఎవరో ఎత్తైన బల్ల మీద, మనవైపు తిరిగి చేస్తుంటారు. చూసేవాళ్లకి కుడి ఎడమలు తారుమారవుతాయి. పేషెంటు మన ముందు సరిగ్గా చేస్తున్నప్పుడు వాళ్ల ఫోన్లోనే తియ్యాలి.

అయితే ఆ ఫోన్ ఎవరిది? గోపాలపట్నం నుంచి వచ్చే ఒక పెద్దావిడకి, మోకాలి మార్పిడి అయిన రెండో వారంలో, నాలుగు వీడియోలు పంపాను. నంబరు కొడుకుది. ఆయన పొద్దున ఎనిమిదింటికి గాజువాకలో డ్యూటీకి వెళ్తే ఇంటికొచ్చేది రాత్రికే. పది రోజుల పాటు నా వీడియోలు రోజూ ఆయన జేబులో డ్యూటీకి వెళ్లొచ్చాయి. ఆవిడ మాత్రం గుర్తున్నదేదో చేసుకుంది.

కాగితం మేలంటే ప్రింటు షీటు మేలని కాదు. ఒకప్పుడు నేనూ అదే ఇచ్చేవాణ్ని: పన్నెండు బొమ్మలు, ప్రతిదాని పక్కన "10×3", అంటే పదేసిసార్లు, మూడు విడతలు. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒకాయన మోకాలు ఎంతకీ వంగడం లేదు. రోజూ చేస్తున్నారా అని అడిగితే, "మీరే కదేటి బాబూ రాసేరు, పదికీ మూడుకీ అని!" అన్నాడు. పొద్దున పది గంటలకోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి, క్రమం తప్పకుండా చేశాడు పాపం. తప్పు ఆయనది కాదు, నేను రాసిన గుణకారం గుర్తుది.

నా లెక్కలో అసలు తేడా ఇక్కడే ఉంది. కదలిక కొంచెం అటూ ఇటూ అయితే వచ్చే వారం దిద్దుకోవచ్చు. ఎన్నిసార్లు, ఎప్పుడు, ఎక్కడ ఆపాలి అన్నవి తప్పితే వారమంతా వృథా, లేదా మోకాలు వాచి కూర్చుంటుంది. ఈ మూడింటినీ వీడియో చెప్పలేదు. గోడ మీది కాగితం చెబుతుంది.

అదీ సరిగ్గా రాస్తేనే. "క్వాడ్రిసెప్స్ కాంట్రాక్ట్ చేసి 5 సెకన్లు హోల్డ్ చెయ్యండి" అన్నా, "ఊరు కండరములను సంకోచింపజేయవలెను" అన్నా ఇంటికెళ్లాక ఒకటే. ఇప్పుడు నేను మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో ఇలా రాస్తున్నాను:

"చెక్క మంచం మీద కాళ్లు చాపి పడుకోండి. ఆపరేషన్ అయిన మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టండి. కాలివేళ్లు మీవైపు లాక్కుని, తువ్వాలుని మోకాలితో కిందికి నొక్కండి. ఒకటి నుంచి ఐదు దాకా నెమ్మదిగా, పైకి వినపడేలా లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు. టిఫిన్‌కి ముందు, మధ్యాహ్నం పడుకోబోయే ముందు, రాత్రి సీరియల్ అయ్యాక. అయిపోగానే తువ్వాలు తీసెయ్యండి."

ఇందులో ప్రతి మాట వెనకా ఏదో ఒక అనుభవం ఉంది. చెక్క మంచమని ఎందుకంటే, నవారు మంచం మీద మోకాలు నొక్కితే మంచమే కిందికి దిగుతుంది, కండరం బిగుసుకోదు. పైకి లెక్కపెట్టమన్నది ఊపిరి బిగబట్టకుండా ఉండటానికి. తువ్వాలు తీసెయ్యమన్నది, హాయిగా ఉందని అలాగే ఉంచుకుంటే మోకాలు వంగిన చోటే బిగుసుకుంటుందని.

కింద ఎర్ర సిరాతో రెండు లైన్లు. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాడు పొద్దున్నకి కూడా తగ్గకపోతే లెక్క సగానికి తగ్గించండి. పిక్క వాచి నొప్పెడితే ఎక్సర్‌సైజు ఆపి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆయాసం కూడా ఉంటే క్షణం ఆగొద్దు. కాళ్లలో రక్తం గడ్డకడితే ఇలా బయటపడొచ్చు కాబట్టి ఈ లైన్లు మాత్రం ఎవరికీ మానను.

మూడు ఎక్సర్‌సైజులు, మహా అయితే నాలుగు. పన్నెండు ఇస్తే తేలికైన రెండు చేసి మిగతావి వదిలేస్తారు.

మిగతా పద్ధతులంటారా, చదువు రానివాళ్లకి వాయిస్ మెసేజ్ బాగానే పనిచేస్తుంది, ఇంట్లో ఫోన్ ఉండిపోతే. యాప్‌లు కుర్రాళ్లకి, క్రికెట్ ఆడి భుజం పాడుచేసుకున్నవాళ్లకి సరే.

కాబట్టి మోకాలికీ నడుముకీ నా ఓటు కాగితానికే. భుజానికైతే కాగితంతో పాటు వాళ్ల సొంత వీడియో కూడా. రాసిచ్చాక కాగితం వాళ్ల చేతికే ఇచ్చి, "దీన్ని చూసి చేసి చూపించండి" అని నేను నోరు మూసుకుని కూర్చుంటాను. ఎక్కడ ఆగి నావైపు చూస్తే అక్కడ వాక్యం మార్చి రాస్తాను.

ఇంకో సంగతి. కొత్త కాగితం ఇచ్చేటప్పుడు పాతది తెమ్మని అడిగి తీసేసుకోండి. క్యాలెండర్ పక్కన రెండూ అతికించుకుని, ఎందుకైనా మంచిదని రెండూ చేసేవాళ్లున్నారు.