ఆరేళ్లుగా వాడుతున్న అభిప్రాయాల పుస్తకం

గుంటూరులో మా పేట శాఖా గ్రంథాలయంలో, దినపత్రికల బల్ల చివర ఒక పొడుగు నోటుపుస్తకం ఉంటుంది. అట్ట మీద స్కెచ్ పెన్నుతో ‘చదివినవారి అభిప్రాయాలు’ అని రాసి ఉంది. పెన్నుకు పురికొస కట్టి, బల్లకు కొట్టిన మేకుకు తగిలించారు. ఆరేళ్లుగా నేను ఇంటికి తెచ్చుకున్న పుస్తకాల్లో సగానికి పైగా దాన్ని చూసి ఎంచుకున్నవే. కాబట్టి దాని మంచిచెడ్డలు చెప్పే అర్హత నాకు ఉందనుకుంటున్నాను.

మొదటి ఏడాది అది ఎందుకూ పనికిరాలేదు. ఎవరు రాసినా ‘చాలా బాగుంది’, ‘అందరూ తప్పక చదవాలి’. పెళ్లి భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ పెళ్లికూతురు తండ్రితో అనే మాటల్లా ఉండేవి. పచ్చళ్ల పుస్తకానికీ అదే మాట, డిటెక్టివ్ నవలకూ అదే మాట.

ఆకుపచ్చ సిరా వచ్చాక పరిస్థితి మారింది. ఆయన పేరు రాయరు, కార్డు నంబరు మాత్రం వేస్తారు. అక్షరాల గుండ్రదనం చూస్తే బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారేమోనని నా అనుమానం. ఒక లావుపాటి చారిత్రక నవల గురించి ఇలా రాశారు: ‘112వ పేజీ దగ్గర ఆపేశాను. అప్పటికి రాజుగారు నాలుగోసారి నిట్టూర్చారు.’ ఆ నవలను నేను అప్పటికే రెండుసార్లు తెచ్చి, చదవలేక తిరిగి ఇచ్చాను. లోపం నాదేమో అని ఎవరికీ చెప్పలేదు. ఆ రెండు వాక్యాలు చదివాక గుండెల మీద బరువు దిగిపోయింది. తర్వాత మిగతావాళ్లకూ ధైర్యం వచ్చి, ఎక్కడ ఆపారో, ఎక్కడ నిద్ర వచ్చిందో రాయడం మొదలుపెట్టారు. బాగుందనే మాటకు విలువ వచ్చింది కూడా అప్పుడే.

‘మాలపల్లి’ మీద జరిగిన వాదన గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు మా ఊళ్లో శారదా నికేతనం పెట్టినవారు. ఆయన జైల్లో ఉండి రాసిన ఆ నవల 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఈ సంగతులు ఇక్కడ చాలామంది చెబుతారు కానీ, నవల చదివినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. పోటీ పరీక్షలకు చదువుకునే ఒక అబ్బాయి రాశాడు: ‘రచయిత, సంవత్సరం, నిషేధం తెలిస్తే పరీక్షకు చాలు. ఊరికే తెరిచాను, రెండు రోజులు వేరే పుస్తకం ముట్టలేదు.’ కింద ఆకుపచ్చ సిరా: ‘పల్లె మనుషులు మాట్లాడుతున్నంతసేపూ కదలలేదు. ఉపన్యాసాలు వచ్చినచోటల్లా పేజీలు తిప్పాను.’ దాని కింద ఒకావిడ: ‘మా నాయనమ్మ మాటలను అచ్చులో చూడటం నాకు ఇదే మొదటిసారి. ఉపన్యాసాలంటారా, మా ఇంట్లో అన్నాల దగ్గర రోజూ ఉండేవే.’ పుస్తకానికి 15 రోజుల గడువు, ఉన్నది ఒకే ప్రతి. ఈ మూడు అభిప్రాయాలు ఒకదాని కింద ఒకటి చేరడానికి నెలన్నర పట్టింది. అంత నిదానంగా సాగిన వాదనలో ఎవరికీ కోపం రాలేదు.

నా మటుకు నేను ఆవిడ పక్షమే. కాకపోతే నాలుగో వ్యక్తి, కథలో ఎవరు చనిపోతారో పేరుతో సహా రాసేశాడు. అప్పటికి నేను నవల సగంలో ఉన్నాను. ఆ వాక్యాన్ని ఎవరో తర్వాత బాల్ పెన్నుతో గీకి కొట్టేశారు, కింది పేజీకి చిల్లు పడేదాకా.

‘అమరావతి కథలు’ గురించిన అభిప్రాయం ఒక్క వాక్యమే: ‘అమరావతి బస్సులో చదివాను, తాడికొండ దాటేలోపు మూడు కథలు అయ్యాయి.’ నూరు కథల సంపుటికి ఇంతకన్నా ఉపయోగపడే మాట చెప్పడం కష్టం. ఒక్కో కథ కొద్ది పేజీలే, ఎక్కడైనా తెరవచ్చు, బస్సు కుదుపులకు కూడా తట్టుకుంటుంది.

లోపాలు లేకపోలేదు. ఒక పుస్తకం గురించి ఎవరేం రాశారో చూడాలంటే మొదటి నుంచి తిరగేయాల్సిందే. పెన్ను పోతుంది, పురికొస మిగులుతుంది. ఒక ఉద్యోగి బదిలీ మీద వచ్చి, అది ఆడిట్‌కు చూపించాల్సిన రికార్డు అనుకుని ఎనిమిది నెలలు బీరువాలో పెట్టి తాళం వేశారు. కొత్త పుస్తకాల కోసం కూడా అందులోనే రాస్తుంటాం. ‘ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం’ అని గుర్తుచేస్తూ ఒకాయన పదకొండు పేర్లు రాశారు. నాలుగు వచ్చాయి. అందులో రెండు ఆయన అడిగినవి కావు.

మధ్యలో కొందరం వాట్సాప్ గ్రూపు కూడా పెట్టుకున్నాం. అక్కడ పుస్తకం పక్కన కాఫీ కప్పు పెట్టి ఫొటోలు వచ్చేవి, అభిప్రాయాలు వచ్చేవి కావు. నెలకల్లా శుభోదయాలతో నిండిపోయింది.

నేను మిర్చి యార్డులో ఒక కమీషను కొట్లో లెక్కలు రాస్తాను. సీజనులో సాయంత్రం నేరుగా గ్రంథాలయానికే వస్తాను. ఒకసారి నేను తిరిగి ఇచ్చిన కథల సంపుటి గురించి ఆకుపచ్చ సిరా ఇలా రాసింది: ‘కథలు పర్వాలేదు. 40వ పేజీ నుంచి తుమ్ములు.’ ఎవరి పనో నాకు వెంటనే తెలిసింది. ఆ రోజు ఏమీ రాయకుండా ఇంటికి వచ్చేశాను. అప్పటి నుంచి కుళాయి దగ్గర చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాకే అలమర దగ్గరికి వెళ్తున్నాను. మొన్న ఏప్రిల్లో నా తర్వాత ఆయనే తీసుకెళ్లిన నవల కింద రాసింది చూశాను: ‘ఘాటు తగ్గింది. కథలోనూ.’