మర్రిగూడ బోరు నీళ్లకు ఎవరి తత్వం మేలు?

సాంకేతికత మనిషిని ఏం చేస్తోందన్న ప్రశ్నకు తత్వవేత్తల జవాబు మేలా, మతం జవాబు మేలా? నల్లగొండలో దీన్ని నీళ్ల దగ్గరే తేల్చాలి.

జర్మన్ తత్వవేత్త హైడెగ్గర్ 1954లో అచ్చయిన వ్యాసంలో రైన్ నది మీది విద్యుత్ కేంద్రాన్ని చూపించి, నదే ఆ కేంద్రంలో భాగమైపోయిందన్నాడు. కృష్ణకూ ఆ మాట అతుకుతుంది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ కింద ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగింది. శ్రీశైలం జలాశయం కోసం కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి తెచ్చి ఆలంపురంలో నిలబెట్టారు. చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. అయితే ఆ తత్వంలో నది ఉంది, బిందె పట్టుకున్న మనిషి మాత్రం కనబడడు.

సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ పొలాలను తడిపింది. అదే జిల్లాలోని మర్రిగూడ వైపు దిక్కు బోరే. గ్రానైటు రాతిలోని ఫ్లోరైడు కరిగిన నీళ్లవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. దాటిన ఊళ్లలో పిల్లల పళ్లకు గోధుమరంగు చారలు పడ్డాయి, కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి.

కేథలిక్ మతపెద్ద పోప్ ఫ్రాన్సిస్ పర్యావరణంపై రాసిన 2015 లేఖ ఇక్కడ సూటిగా తగులుతుంది. సురక్షితమైన తాగునీరు ప్రతి మనిషి హక్కు అంటుందది. భూమి మొర, పేదల మొర వేరు చేసి వినవద్దంటుంది. ఎలా ఇవ్వాలో చెప్పదు, నిజమే. ఆ పని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) చేసింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టింది. (ఇలాంటి కీర్తి ఎవరికి కావాలి!) రోజూ కొలిచి కలిపి, తేరేదాకా ఆగి వంచుకోవడం ఇంట్లో ఆడవాళ్ల పనే. చివరికి ఆ ఊళ్లకు పైపుల్లో వచ్చినవి సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లే. హైడెగ్గర్ మాట పట్టుకుని ఆనకట్టనే తప్పుబడితే ఈ కుళాయిలు ఉండేవి కావు.

అందుకే నా ఓటు ముందు పోప్ లేఖకు. పక్కనే మరో జర్మన్ తత్వవేత్త హాన్స్ జోనాస్‌ను కూర్చోబెడతాను. మేలు జోస్యం కన్నా కీడు జోస్యానికే ఎక్కువ బరువివ్వాలని ఆయన 1979లో రాశాడు. ఆ లెక్కన నీళ్లు పడ్డాయన్న సంబరంలో బోరుకు చేతిపంపు బిగించేయకూడదు, ముందు సీసాడు నీళ్లు పరీక్షకు పంపాలి. ఎముకలో చేరిన ఫ్లోరైడు వల్ల వంగిన కాలును కృష్ణా నీళ్లు సరిచేయలేవు.