చిల్కా బోటు ట్రిప్పులో ముత్యాలు, పగడాలు అమ్ముతారు, దయచేసి కొనకండి

మాది బరంపురం. సంక్రాంతి సెలవులకి విజయవాడ నుంచి నా చిన్నప్పటి ఫ్రెండు, వాడి భార్య, వాళ్ళమ్మాయి వచ్చారు. పూరీ దర్శనం చేయించి అట్నుంచి సాతపడా రేవుకి తీసుకెళ్ళి మా ఒడిశాలోని చిల్కా సరస్సులో దీవులు తిప్పుదామని ప్లాన్ వేసింది నేనే, అందుకే ఇంకా మనసు కుదుటపడట్లేదు, మన ఇంటికొచ్చిన చుట్టాల్లాంటి వాళ్ళని నా కళ్ళ ముందే మోసం చేశారు.

రేవు దగ్గర ఒక ప్రైవేటు బోటు అతను మూడు గంటలకి 3500 అన్నాడు, డాల్ఫిన్లు, రాజహంస దీవి, సీ మౌత్ (సరస్సు సముద్రంలో కలిసే చోటు) అన్నీ కలిపే అన్నాడు. డాల్ఫిన్లు కనిపించాయి, ఆ మాట చెప్పాలి. ఇరావడీ డాల్ఫిన్లు, మూతి పొడుగ్గా ఉండదు, గుండ్రటి తల, రెండుసార్లు వీపు తేల్చి మునిగిపోయాయి, అమ్మాయి సంతోషం అంతా ఇంతా కాదు.

ఆ తర్వాత ఇంజన్ ఆపి ఒక ఇసక దిబ్బ దగ్గర దింపాడు. ఎర్ర పీతలు చూపిస్తామని ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు, ఒకడి చేతిలో బకెట్టు, దాన్నిండా చిప్పలు. చూడ్డం ఫ్రీ సార్ అంటూ చిప్పలు పగలగొట్టడం మొదలెట్టాడు, రెండు ఖాళీ, మూడోది అమ్మాయి చేత ముట్టించి పగలగొడితే లోపల మెరుస్తూ ముత్యం! తర్వాత ఒక రాయి పగలగొట్టాడు, అందులోంచి ఎర్ర పగడం. అమ్మాయికి కుజదోషం ఉందని, సంబంధాలు కుదరట్లేదని వాళ్ళు అప్పటికే బెంగగా ఉన్నారు, పగడం చూడగానే చెల్లెమ్మ, అదే మావాడి భార్య, మొహం మారిపోయింది. "అన్నయ్యగారూ, మీకు ఒడియా వచ్చు కదా, నిజమైనదేనా అడగండి" అంది. అడిగాను. వాడు చిల్కా దీవిలో గుడి ఉన్న కాళీజాయి అమ్మవారి మీద ఒట్టేశాడు. ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళకి ఆ తల్లి అంటే ఏంటో మా వైపు అందరికీ తెలుసు, ఆవిడ పేరు ఎత్తాక అబద్ధం అనుకోలేదు. బోటు అతను కూడా పక్క నుంచి నాదీ గ్యారంటీ అన్నాడు. నాలుగు ముత్యాలు, ఒక పగడం, బేరమాడి 8500, ఫోన్‌పేలో కొట్టాం. బిల్లు అడిగితే ఇక్కడ బిల్లు ఎక్కడిది భైనా అన్నాడు.

దాంతోనే గంట పైగా పోయింది. సీ మౌత్‌కి టైం లేదని వెనక్కి తిప్పేశాడు.

మర్నాడు రంభ వెళ్ళాం, ఇది మన గంజాం జిల్లాలోదే, బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ చూస్తున్నప్పుడు మాటల్లో ముత్యాల సంగతి చెప్తే బోటు నడిపే ముసలాయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఎంతిచ్చారు బాబూ" అని మాత్రం అడిగాడు. బరంపురం వచ్చి మాకు తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకెళ్తే ఆయన సూది కాల్చి పగడానికి ఆనించాడు, సూది లోపలికి దిగిపోయింది, ప్లాస్టిక్ కాలిన కంపు. ముత్యాలూ అంతే. చెల్లెమ్మ దుకాణంలోనే ఏడ్చేసింది. ఉంగరం చేయించడానికి బంగారం కూడా తెచ్చుకుంది పాపం.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటీ అర్థమైంది. సహజంగా ముత్యం దొరకాలంటే వేల చిప్పలు తెరవాలి, దొరికినా అన్నీ ఒకే సైజులో గోలీల్లా గుండ్రంగా ఉండవు, మాకొచ్చిన నాలుగూ అచ్చు ఒకేలా ఉన్నాయి. చిప్ప తెరిచేటప్పుడు వేళ్ళకి బురద ఎందుకు పూసుకుంటాడో, పూస ఎక్కడ దాస్తాడో ఇప్పుడు తెలుస్తోంది. ఇక నగల్లో వాడే ఎర్ర పగడం మధ్యధరా సముద్రం లాంటి చోట లోతు నీళ్ళలో పెరుగుతుంది. చిల్కా చూస్తే చాలా చోట్ల మనిషి లోతు కూడా ఉండదు, ఒక పక్క నుంచి సముద్రపు ఉప్పునీళ్ళు, ఇంకో పక్క దయ, భార్గవి నదుల మంచినీళ్ళు, అడుగంతా బురద. అక్కడ పగడం ఎలా వస్తుంది? ఒకవేళ నిజంగానే మన సముద్రంలో పగడపు దిబ్బలు కొట్టి తెచ్చినా అది 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

కాబట్టి వెళ్ళేవాళ్ళు బోటు ఎక్కకముందే చెప్పండి, చిప్పలు అమ్మేవాళ్ళ దగ్గర ఆపొద్దు, ఆపితే ఆ టైం మా మూడు గంటల్లో లెక్క కాదు అని. ఏమేం చూపిస్తాడో కాగితం మీద రాయించుకోండి, బోటు నంబరు ఫోటో తీసుకోండి, లైఫ్ జాకెట్లు లెక్క చూసుకోండి, మాకు నలుగురికి మూడే ఇచ్చాడు, గొడవ పడితే నాలుగోది తెచ్చాడు. డాల్ఫిన్ల కోసమైతే సాతపడాయే వెళ్ళాలి, దీవులు తిరిగితే చాలనుకుంటే మనకి రంభ దగ్గర, అక్కడ మమ్మల్ని ఎవరూ ఏదీ కొనమనలేదు. ముఖ్యంగా మీ ఇంటికొచ్చిన వాళ్ళకి ముందు రోజు రాత్రే ఈ సంగతి చెప్పేయండి, బోటులో పిల్లల ముందు వద్దు అనడం చాలా కష్టం, నా వల్ల కాలేదు.

ఫోన్‌పే స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది, 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి కంప్లైంట్ ఇస్తున్నాను. ఈ సీజన్‌లో మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే ఆ పేమెంట్ వివరాలు పారెయ్యకండి, చెప్పండి, అందరం కలిసి ఇద్దాం. ఆ 8500 నేనిస్తానంటే మావాడు తీసుకోలేదు, స్టేషన్‌లో రైలెక్కేటప్పుడు కూడా బలవంతంగా జేబులో పెడితే కిటికీలోంచి తిరిగిచ్చేశాడు.