డిజిటల్ ఆర్కివెట్: ఆ ఒక్క గడి కోసమైనా నేను దీన్ని వదలను

డిజిటల్ ఆర్కివెట్ అంటే పాత చర్చి పుస్తకాలు, సెన్సస్‌లు చూసుకునేందుకు నార్వే జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళు పెట్టిన వెబ్‌సైట్. అది ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు చెప్పేది చర్చి పుస్తకంలో బాప్తిస్మం పేజీలోని ఒక గడి గురించి. బిడ్డ పేరు, అమ్మానాన్నల పేర్లు అయ్యాక జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు, అంటే బాప్తిస్మానికి బిడ్డ తరఫున సాక్షులుగా నిలబడేవాళ్ళ పేర్లు, రాసే గడి అది. మామూలుగా ఐదుగురి దాకా ఉంటారు. ఎవరు ఏ కమతం నుంచి వచ్చారో కూడా చాలాచోట్ల రాసి ఉంటుంది. మా వాళ్ళెవరో తేల్చింది ఆ గడే.

మేం ఉండేది మిన్నెసోటాలో. మా అత్తగారి పూర్వీకులు నార్వే నుంచి వచ్చినవాళ్ళు. మా పుట్టింటి వైపు తరాలన్నీ మా నాన్న వరసగా చెప్పేస్తారు. అత్తగారి వైపు మాత్రం ముత్తాత దగ్గరే ఆగిపోయింది. ఆయన పేరు ఓలె, ఇంటిపేరు హౌగెన్, సోగ్న్ ప్రాంతం నుంచి వచ్చాడట. ఇంట్లో మిగిలిన సమాచారం అంతే.

ఆ ఇంటిపేరుతో నార్వే రికార్డుల్లో వెతికితే ఏమీ తేలదు. మన ఇంటిపేర్లలో చాలావాటికి ఊరి పేరే మూలం, కానీ ఊరు మారినా ఇంటిపేరు మారదు. అప్పటి నార్వే పల్లెల్లో అలా కాదు. తండ్రి పేరుకి సెన్ (కొడుకు) అనో దాత్తర్ (కూతురు) అనో చేర్చి, దాని తర్వాత వాళ్ళు ఉంటున్న కమతం పేరు రాసేవారు. కమతం మారితే ఆ పేరూ మారేది. అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలని చట్టం వచ్చింది 1923లోనే. పైగా హౌగెన్ అనే కమతాలు ఆ దేశంలో ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి.

అమెరికా 1900 సెన్సస్‌లో పుట్టిన నెల, సంవత్సరం, వలస వచ్చిన సంవత్సరం ఉంటాయి. పుట్టిన చోటు దగ్గర మాత్రం ఉత్త 'నార్వే'. అసలు దారి చూపించింది మా మిన్నెసోటాలోనే గుడ్‌హ్యూ కౌంటీలో ఉన్న లూథరన్ చర్చి సభ్యుల పుస్తకం. ఇలాంటి చర్చిలు చాలాకాలం రికార్డులు నార్వేజియన్‌లోనే రాసుకున్నాయి, ఎవరు ఏ పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళు) నుంచి వచ్చారో కూడా రాసేవి. ఓలె పేరు పక్కన లూస్టర్ అని ఉంది, అది సోగ్న్‌లోని పారిష్.

లూస్టర్ చర్చి పుస్తకం స్కాన్లు తెరిస్తే ఒకే ఏడాది ఇద్దరు ఓలెలు. ఇద్దరి తండ్రుల పేర్లూ హాన్స్. డబ్బు కట్టి వాడే ఒక సైట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం మొదటి ఓలెని మా వాళ్ళకి అంటగట్టేసింది. ఆ సైట్ అదే చెట్టుని పదేపదే చూపించేది, ఆధారం ఒక్కటీ లేదు. మా అత్తగారు దాన్ని ప్రింట్ తీసి దాచుకున్నారు కూడా. అందుకే నాకు ఆ సైట్ మీద ఇప్పటికీ కోపం.

రెండో ఓలె బాప్తిస్మం దగ్గర జ్ఞాన తల్లిదండ్రుల్లో హౌగెన్ కమతం నుంచి వచ్చిన రాగ్న్‌హిల్డ్ అనే ఆమె ఉంది. అక్కణ్ణుంచి ముడి విడిపోయింది. 1865 సెన్సస్‌లో ఆ కుటుంబం హౌగెన్‌లోనే, సొంత భూమి లేని కౌలు కూలీలుగా ఉంది. ఆ సెన్సస్‌లో పశువుల లెక్క, చల్లిన విత్తనాల లెక్క కూడా రాశారు. ఒక ఆవు, కొన్ని గొర్రెలు, కాస్త బంగాళాదుంప విత్తనం, అదీ వాళ్ళ ఆస్తి. వంశవృక్షంలో చూపించిన మొదటి ఓలె పసితనంలోనే పోయాడు, సమాధుల పేజీలో ఉన్నాడు. మా ఓలె 1869లో అమెరికా వెళ్ళినట్టు చర్చి పుస్తకంలోని ఊరు విడిచినవాళ్ళ జాబితాలో ఉంది. అతనికన్నా ఏడాది ముందు వెళ్ళినవాళ్ళలో రాగ్న్‌హిల్డ్ ఉంది. 1870 అమెరికా సెన్సస్‌లో ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. మా చర్చి శ్మశానంలో వీళ్ళ వరసలోనే ఉన్న ఒక పాత రాయి ఎవరిదో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. అది ఆమెదే! ఈ మాట చెప్పినప్పుడు మా అత్తగారు వెంటనే ఫోన్ తీసి వాళ్ళ చెల్లెళ్ళందరికీ చెప్పారు.

మొదట్లో డిజిటల్ ఆర్కివెట్ సెర్చ్ అద్భుతమని అందరికీ చెప్పేదాన్ని. బాగానే ఉంటుంది గానీ, అన్ని పుస్తకాలూ ఇంకా టైపు చేసి లేవు. టైపు చేసినవాటిలో కూడా పేరు పాత పుస్తకంలో ఎలా ఉంటే అలాగే ఉంటుంది కాబట్టి ఖాయంగా తెలియని అక్షరాల చోట నక్షత్రం గుర్తు (*) పెట్టి వెతకడం అలవాటు చేసుకోవాలి. లేనిచోట పేజీలు తిప్పాల్సిందే, అదీ గోతిక్ అనే పాతకాలపు చేతిరాతలో. నాకు ఆ రాత పట్టుబడడానికి ఒక చలికాలం మొత్తం పట్టింది. 1801 తర్వాత దేశమంతటా పేర్లతో తీసిన సెన్సస్ మళ్ళీ 1865లోనే, మధ్యలో చర్చి పుస్తకాలే దిక్కు. నేను ఇంతగా పొగిడే ఆ గడిలో కూడా కొందరు పాస్టర్లు పేర్లు రాసి కమతం వదిలేశారు. ఊరు విడిచినవాళ్ళ జాబితా కూడా పూర్తిగా ఉండదు, అందరూ పాస్టర్‌కి చెప్పి వెళ్ళలేదు.

ఇంత చేసినా పైసా అడగరు. పారిష్ పేరు చేతిలో ఉంటే తప్పకుండా వాడమంటాను. ఉత్త 'నార్వే' అని మాత్రమే తెలిస్తే ముందు అమెరికా చర్చి పుస్తకాలు చూడండి, లేదా విస్కాన్సిన్ మాడిసన్‌లో ఉన్న నార్వేజియన్ అమెరికన్ జీనియాలజికల్ సెంటర్‌ని అడగండి. మాకు ఆ గుడ్‌హ్యూ చర్చి కారులో వెళ్ళేంత దగ్గర, నాకు సాయంత్రాలు ఖాళీ. ఉద్యోగం, చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకి ఇదే పని చాలా ఆలస్యం కావచ్చు. మీవాళ్ళు 1874 తర్వాత బెర్గెన్ నుంచి ఓడ ఎక్కి ఉంటే పోలీసుల వలస జాబితాలు కూడా ఉన్నాయి, పని కొంత తేలిక. మా మామగారి వైపు వాళ్ళు 1880లలో స్టావాంగర్ నుంచి బయల్దేరారు. అక్కడ 1903కి ముందరి పోలీసు జాబితాలు మిగల్లేదు, పారిష్ ఏదో మాకింకా తెలియదు. ఆ వైపు వెతకడానికి ఇది ఎంతవరకు పనికొస్తుందో ఇప్పుడే చెప్పలేను.