చీకట్లో సూటిచూపా, ఓరచూపా: ఏది మేలు?

కార్తీకం, మార్గశిరం రాత్రుల్లో డిండి కట్ట మీదనో, దేవరకొండ అవతల ఏ తండా పొలిమేరలోనో తూర్పుకు తిరిగి నిలబడితే ముందు కృత్తికలు, వాటి దిగువన ఎర్రగా రోహిణి కనిపిస్తాయి. రెండింటినీ ఒకే తీరుగా చూస్తే ఒకదానికి అన్యాయమే. రోహిణిని సూటిగా చూడాలి, కృత్తికల్ని కొంచెం ఓరగా. పున్నమి మాత్రం వద్దు. కార్తీక పున్నమినాడు చంద్రుడు కృత్తికల దగ్గరే ఉంటాడు, ఆ వెలుగులో ఏదీ తేలదు.

ఇట్లా ఎందుకంటే మన కంట్లో ఉన్నవి రెండు వేర్వేరు ఏర్పాట్లు. దేన్నైనా సూటిగా చూస్తే దాని బొమ్మ రెటీనా, అంటే కంటి లోపలి వెనుక పొర, నడుమ ఉన్న చిన్న గుంటలో పడుతుంది. అక్కడ రంగులు పట్టే కోన్లు అనే కణాలు కిక్కిరిసి ఉంటాయి. మసక వెలుగుకు పనికొచ్చే రాడ్లు అనే కణాలు ఆ గుంట నట్టనడుమ ఒక్కటీ ఉండవు. మొత్తం కంటిని లెక్కేస్తే రాడ్లు 9 కోట్లకు పైనే, కోన్లు 60 లక్షలు దాటవు. కంటి నుంచి మెదడుకు పోయే నరంలో పోగులేమో 10, 12 లక్షలే! ఇంత సమాచారం అంత సన్న దారిలో పట్టదు కాబట్టి రెటీనాయే ముందుగా కుదించి పంపుతుంది.

ఆ కుదింపులోనే తేడా ఉంది. నడిమి కోన్లది ఇంటింటికీ నల్లా ఇచ్చిన పద్ధతి, ఎవరి లైను వాళ్లదే. పక్కలకు పోయేకొద్దీ వందల రాడ్ల సంకేతాలు, పొలాల నీళ్లన్నీ ఒకే కుంటలోకి దిగినట్టు, ఒకే కణంలో కలుస్తాయి. కుంట నిండుతుంది గాని ఏ నీళ్లు ఏ మడివో తెలియదు. అందుకే ఓరచూపుకు చిన్న మెరుపు కూడా అందుతుంది, వివరం అందదు. 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు చీకటి గదిలో చిన్న మెరుపు చూపించి, రాడ్లు 5 నుంచి 14 కాంతి కణాలు పీల్చుకుంటే చాలు, మనిషి దాన్ని గుర్తిస్తాడని లెక్క తేల్చారు. ఆ మెరుపును వాళ్లు చూపుకు ఎదురుగా పెట్టలేదు, 20 డిగ్రీలు పక్కన పెట్టారు. రాడ్లు బాగా ఒత్తుగా ఉండేది ఆ చుట్టుపక్కలే.

మెదడు మాత్రం సూటిచూపు పక్షమే. తల వెనుక భాగంలో చూపు మొదట చేరే పొరలో సగానికి పైగా, నడిమి 10 డిగ్రీల చూపుకే కేటాయింపు. ముఖం గుర్తుపట్టడం, అక్షరం చదవడం అన్నీ దాని చలవే. అయితే నట్టచీకట్లో ఆ పెద్ద భాగానికి కింది నుంచి కబురే రాదు. అప్పుడు చూపు నడిమధ్య కూడా ఒక గుడ్డి మచ్చే. మెదడు చుట్టుపక్కల చీకటితో దాన్ని పూడ్చేస్తుంది కాబట్టి మనకు తెలియదు.

రోహిణికీ కృత్తికలకూ నడుమ దూరం 14 డిగ్రీల దాకా ఉంటుంది. రోహిణి మీద చూపు నిలిపితే కృత్తికలు రాడ్లున్న చోట పడి వెలుగుముద్దలా తోస్తాయి, కాని లెక్కపెట్టలేం. లెక్కపెట్టాలంటే చూపు అంత దూరం జరపొద్దు. చేయి చాచి రెండు మూడు వేళ్ల మందం జరిపితే సరి. సూటిగా చూస్తే ఆరు దొరికిన చోట ఇట్లా ఇంకొకటో రెండో తేలతాయి. అదే ఆండ్రోమెడా గెలాక్సీకైతే పిడికిలి మందం, అంటే 10 డిగ్రీలు, జరిపి చూడండి. 25 లక్షల కాంతి సంవత్సరాల అవతలి మసక మరక అది, సూటిచూపుకు చిక్కడం కష్టం. టెలిస్కోపులో ఒంటికన్నుతో చూసేవాళ్లు వస్తువును ముక్కు వైపుకు వచ్చేలా జరుపుకోవాలి. చెవి వైపు 15 డిగ్రీల దగ్గర ఆ కంటి గుడ్డిచుక్క, అంటే నరం బయటికి పోయే చోటు వల్ల ఏమీ కనిపించని జాగా, ఉంటుంది.

ఈ ఓరచూపు వెంటనే పనిచేయదు. కోన్లు పది నిమిషాల్లో చీకటికి అలవాటు పడతాయి, రాడ్లకు అరగంట పైనే కావాలి. శ్రీశైలం రోడ్డు మీది లారీ లైటో, సెల్‌ఫోన్ టార్చో ఒక్కసారి కళ్లలో పడితే చాలావరకు మళ్లీ మొదటికే. అందుకే తెల్ల టార్చి కన్నా మందమైన ఎర్ర వెలుగు నయం. ఎరుపుకు రాడ్లు పెద్దగా చలించవు.

ఇదంతా ఆకాశానికే. రాత్రి బావి దగ్గర మోటరు వేయడానికి పోయేటప్పుడు ఈ తెలివి వద్దే వద్దు. గడ్డిలో ఏదో కదిలిందని ఓరచూపు చెప్పగలదు, అది తాడో పామో చెప్పలేదు. అక్కడ తెల్ల టార్చి, సూటిచూపు, కాళ్లకు బూట్లు.

అరగంట చీకట్లో కూర్చున్నా పక్కవాళ్లకు కనిపించే చుక్కలు మీకు కనిపించకపోతే అద్దాల నంబరుతో పాటు రేచీకటి సంగతీ డాక్టరును అడగండి. విటమిన్ ఎ లోపంతో వచ్చేదైతే వేళకు వైద్యం అందితే నయమవుతుంది. రాడ్లు ముందుగా చచ్చిపోయే వంశపారంపర్య జబ్బు వేరే ఉంది. మేనరికాలున్న ఇళ్లలో దాని అవకాశం ఎక్కువ కాబట్టి పిల్లలు మసకచీకట్లో తడబడుతుంటే ఆలస్యం చేయకుండా రెటీనా పరీక్ష చేయించండి.