గుంటూరు నుంచి మూడు ఛార్టర్ ప్రయాణాలు: బాగున్నవి, బాధపెట్టినవి

మేం గుంటూరు బ్రాడీపేటలో ఉంటాం. 2023 మే నుంచి 2025 జూన్ లోపల మూడుసార్లు ఛార్టర్ విమానంలో సెలవులకి వెళ్ళొచ్చాం. రెండుసార్లు కజక్‌స్తాన్‌లోని అల్మాటీ, ఒకసారి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్. మూడూ శంషాబాద్ నుంచే. మా వారు, నేను, మా అత్తయ్య మూడు ప్రయాణాల్లోనూ ఉన్నాం. అత్తయ్యకి 73 ఏళ్ళు, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. అల్మాటీకి రెండోసారి వెళ్ళింది మా వదిన కోసం. మొదటిసారి ఆవిడకి పాస్‌పోర్టు టైముకి రాలేదు.

ఛార్టర్ అంటే ఏమిటి, పెద్దవాళ్ళని తీసుకెళ్ళొచ్చా అని బంధువులు చాలామంది అడుగుతున్నారు. ఫోన్లో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. కంపెనీల పేర్లు మాత్రం రాయను.

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. మామూలు విమానంలో మనం టికెట్ కొనేది విమాన సంస్థ దగ్గర. ఛార్టర్‌లో అలా కాదు. టూర్ కంపెనీ ఒక్కటిగానో, నాలుగు కంపెనీలు కలిసో విమానం మొత్తాన్ని అద్దెకి తీసుకుంటారు. పెళ్ళికి బస్సు మాట్లాడుకున్నట్టే. సీట్లు నిండినా నిండకపోయినా అద్దె కట్టాల్సిందే. ఆ విమానం ఒక జట్టుని దింపి, అంతకుముందు వెళ్ళిన జట్టుని ఎక్కించుకుని వస్తుంది. సీజన్ మొదట్లో ఒకసారి ఖాళీగా తిరిగి వస్తుంది, చివర్లో ఒకసారి ఖాళీగా వెళ్తుంది. ఆ ఖాళీ ప్రయాణాల ఖర్చు కూడా మన ప్యాకేజీలోనే కలిసి ఉంటుంది. అందుకే ఐదు రాత్రులంటే ఐదు రాత్రులే. ఇంకో రోజు ఉండి వస్తామంటే కుదరదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే ఇవ్వరు. కష్టం వచ్చినప్పుడు విమానం వాళ్ళు టూర్ కంపెనీని అడగమంటారు, టూర్ కంపెనీ వాళ్ళు విమానం వాళ్ళని అడగమంటారు. మాకు బాగున్నవీ, మమ్మల్ని ఏడిపించినవీ అన్నీ ఈ ఒక్క ఏర్పాటు నుంచే వచ్చాయి.

అల్మాటీకి మొదటి ప్రయాణం చాలా బాగా జరిగింది. కజక్‌స్తాన్‌కి మనవాళ్ళు 14 రోజుల లోపు వెళ్తే వీసా అక్కర్లేదు, 2022 జులై నుంచి ఆ సౌకర్యం ఉంది. మనిషికి 82 వేలు తీసుకున్నారు. అందులో విమానం టికెట్ ఎంత అని అడిగితే విడిగా చెప్పరు, ఆ లెక్క ఎవరికీ చెప్పరట. దీనిపైన టీసీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, 5 శాతం పట్టుకున్నారు. అది పోయే డబ్బు కాదు. మన పాన్ మీద జమగా కనిపిస్తుంది, రిటర్న్ వేస్తే సర్దుబాటు అవుతుంది. అత్తయ్యకి పన్ను కట్టేంత ఆదాయం లేదు. అయినా రిటర్న్ వేయించి ఆ డబ్బు వెనక్కి తెప్పించాం. చాలామంది వదిలేస్తున్నారు, వదలకండి.

విమానం బోయింగ్ 737. వరుసకి ఆరు సీట్లు, మధ్యలో ఒకటే దారి, మొత్తం 189 మంది. సీట్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. మా వారు ఆరడుగుల మనిషి, మోకాళ్ళు ముందు సీటుకి ఆనాయి. దాదాపు ఐదు గంటలు అలాగే కూర్చున్నారు. ముందు టీవీ తెర ఉండదు, దుప్పటి ఇవ్వరు. వెబ్ చెకిన్ లేదు. సీటు ఎంచుకునే వీలు లేదు, కౌంటర్ దగ్గర ఏది ఇస్తే అదే. ముందుగా టూర్ మేనేజర్‌కి చెబితే మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి నడక దారి పక్క సీటు ఇప్పిస్తారు. మూడుసార్లూ అత్తయ్యకి అలాగే ఇప్పించారు. వీల్‌చైర్ సంగతి కూడా వారం ముందే చెప్పి, ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లో రాయించుకోండి.

భోజనం విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మొద్దు. వెజ్ మీల్ అని కాగితం మీద రాసి ఉంది. తీరా చూస్తే చల్లటి బన్ను, ఒక పండ్ల రసం. మేం పులిహోర పెట్టుకెళ్ళాం కాబట్టి సరిపోయింది. కారప్పొడి డబ్బా చేతిసంచిలో పెడితే శంషాబాద్ సెక్యూరిటీలో తీయించేశారు. గుంటూరు వాళ్ళం, ఆ డబ్బా అక్కడ వదిలేసి వెళ్ళడం చాలా బాధగా అనిపించింది. పొడులు, పచ్చళ్ళు అన్నీ పెద్ద సూట్‌కేసులో సర్దుకోవాలి. ఎండు కొబ్బరి మాత్రం అందులోనూ పెట్టకండి. నూనె శాతం ఎక్కువ కావడంతో తనంతట తానే వేడెక్కి అంటుకునే సరుకుల్లో దాన్ని లెక్కేస్తారు. మా గ్రూపులో ఒకావిడ కొబ్బరి చిప్పలు పెడితే పెట్టె విప్పించి తీసేశారు.

ఇన్ని ఇబ్బందులున్నా ఆ విమానంలో ఉన్న సందడి ఇంకెక్కడా చూడలేదు. సగం మంది మన జిల్లాల వాళ్ళే. తెనాలి, నరసరావుపేట, గుడివాడ, విజయవాడ పటమట. వెనక వరుసల్లో అంత్యాక్షరి మొదలైంది. చిన్నపిల్లలు ఒక సీటు నుంచి ఇంకో సీటుకి చేతులు మారుతున్నారు. కిటికీలోంచి మంచు కొండలు కనిపించగానే ముందువాళ్ళు వెనకవాళ్ళని పిలిచి చూపించారు. విమానం దిగగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఢిల్లీలో దిగి, ఇంకో టెర్మినల్‌కి పరిగెత్తి, భాష తెలియని చోట అడుగుతూ తిరిగే పని లేకుండా శంషాబాద్‌లో ఎక్కి అల్మాటీలో దిగడం అత్తయ్యలాంటి వాళ్ళకి ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను. ఆవిడకి ఇంగ్లీషు, హిందీ రెండూ రావు. ఇమిగ్రేషన్ వరసలో ముందూ వెనకా తెలుగువాళ్ళే ఉండటంతో ఏ భయమూ లేకుండా నిలబడ్డారు. అల్మాటీ దగ్గర మంచు కొండల్లో ఉన్న షింబులాక్‌లో రోప్‌వే ఎక్కి 3,200 మీటర్ల ఎత్తులో మంచు చేతిలోకి తీసుకున్నారు.

రెండోది ఫుకెట్, 2024 దసరా సెలవుల్లో. అక్టోబరులో అక్కడ వానలు, అందుకే ధర తక్కువ. ఈ ప్రయాణం సంగతి వివరంగా రాయాలి.

డబ్బు జూన్‌లో కట్టాం. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ అంతా మునిగింది. మా గ్రూపులో ఒక కుటుంబం అక్కడిదే. కింది అంతస్తు ఇల్లు, ఫ్రిజ్, మంచాలు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. వాళ్ళు రాలేమని, డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగారు. ఛార్టర్ సీటు కాబట్టి వెనక్కి రాదన్నారు. ఒప్పందంలో అలాగే రాసి ఉందట. గ్రూపులో మేమంతా కలిసి టూర్ కంపెనీకి ఫోన్లు చేశాం. చివరికి పేర్ల జాబితా విమాన సంస్థకి పంపేలోగా వేరేవాళ్ళని చూపిస్తే పేరు మారుస్తామన్నారు. మామూలు టికెట్లో ఈ వీలు ఉండదు, ఛార్టర్‌లో ఉంటుంది. గుంటూరులో ఇద్దరిని, మంగళగిరిలో ఇద్దరిని వెతికి పట్టుకున్నాం. ఆ కుటుంబానికి డబ్బు చేరింది. జాబితా ఏ తేదీకి మూసేస్తారో డబ్బు కట్టేరోజే అడిగి రాయించుకోండి. మాకు ఆ తేదీ ముందే తెలిసి ఉంటే వాళ్ళు మూడు వారాలు అంత టెన్షన్ పడేవాళ్ళు కాదు.

వెళ్ళడం బాగానే వెళ్ళాం. తిరుగు ప్రయాణం రాత్రి 10 గంటలకి. లగేజీ ఇచ్చేశాం, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకున్నాం, గేటు దగ్గర కూర్చున్నాం. పదిన్నర అయింది, పదకొండున్నర అయింది. బోర్డు మీద టైము మారుతూనే ఉంది, మనిషి మాత్రం ఎవరూ రారు. తర్వాత తెలిసింది, మా విమానం అంతకుముందు ట్రిప్పులో వేరేచోట చెడిపోయింది. మామూలు పెద్ద సంస్థ అయితే ఇంకో విమానం పంపుతుంది, లేదంటే వేరే సర్వీసులో సర్దుతుంది. వీళ్ళకి ఈ రూటులో ఉన్నది ఒకటే విమానం. ఒక్క ట్రిప్పు ఆలస్యమైతే వెనకున్న ట్రిప్పులన్నీ ఆలస్యమే.

అర్ధరాత్రి దాటాక అత్తయ్య అడిగారు. "అమ్మాయ్, నా మాత్రల సంచి ఏదే?"

నా గుండె ఆగినంత పనైంది. రాత్రి మాత్రలు హోటల్లోనే వేశాను, పొద్దునకి ఇంట్లో ఉంటాం కదా అని మిగిలినవి సూట్‌కేసులో సర్దేశాను. "పెద్ద పెట్టెలో పెట్టాను అత్తయ్యా" అన్నాను. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "సరేలే, తెల్లారనీ" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

గేటు దగ్గరున్న అమ్మాయిని అడిగితే ఇచ్చిన లగేజీ ఇప్పుడు తీయలేమంది. టూర్ మేనేజర్ ఇరవై ఆరేళ్ళ కుర్రాడు. "అమ్మమ్మగారూ, ఇంకో గంటలో తెలుస్తుందండీ" అని ప్రతి గంటకీ వచ్చి చెప్పేవాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదు, అతనికీ ఎవరూ ఏమీ చెప్పడం లేదు. తెల్లవారుజామున నీళ్ళ సీసా, బన్ను ఇచ్చారు. ముద్రలు పడి లోపల ఉన్నాం కాబట్టి హోటల్ గది ఇవ్వలేదు. పెద్దవాళ్ళు కుర్చీల్లోనే ముడుచుకుని పడుకున్నారు. పొద్దున తెనాలి నుంచి వచ్చిన ఒకాయన దగ్గర అత్తయ్య వేసుకునే బీపీ మాత్ర, అదే మోతాదుది దొరికింది. చీటీలో పేరు, మిల్లీగ్రాములు చూసి, ఇంటి దగ్గర మా డాక్టరుకి ఫోన్ చేసి అడిగి వేశాను. షుగర్ మాత్ర దొరకలేదు.

విమానం బయల్దేరింది మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకి. పద్నాలుగు గంటలు. వచ్చిన విమానం మీద పేరు వేరు, టికెట్ మీద పేరు వేరు. ఎవరి దగ్గరో అప్పటికప్పుడు అద్దెకి తెచ్చారు. శంషాబాద్‌లో దిగేసరికి, ఆ పొద్దున సికింద్రాబాద్ నుంచి గుంటూరుకి బుక్ చేసుకున్న వందే భారత్ ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆ డబ్బులు పోయాయి. కారు మాట్లాడుకుని నల్గొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగా ఇంటికి చేరేసరికి రాత్రయింది.

ఆ ఆలస్యంలో మా వారు చేసిన మంచి పని ఒకటి ఉంది. విమానం ఎక్కేలోపు విమాన సంస్థ కౌంటర్ దగ్గర ఎన్ని గంటలు ఆలస్యమైందో రాసి ముద్ర వేసిన కాగితం తీసుకున్నారు. మొదట ఇవ్వం అన్నారు, పదిమంది నిలబడి అడిగితే ఇచ్చారు. మేం విడిగా ప్రయాణ బీమా చేయించుకున్నాం. ఆ కాగితం, బోర్డింగ్ పాస్ పెడితే రెండు నెలలకి బీమా డబ్బు వచ్చింది. కాగితం తీసుకోనివాళ్ళకి రాలేదు. టూర్ కంపెనీ మాత్రం క్షమాపణ మెసేజ్ పంపి ఊరుకుంది. వినియోగదారుల కమిషన్‌లో మన ఊళ్ళోనే కేసు వేయొచ్చు, 2019 చట్టం ఆ హక్కు ఇచ్చింది. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. అత్తయ్య వద్దనడంతో మేం వేయలేదు. వేసి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంత జరిగాక మళ్ళీ ఎలా వెళ్ళారని అడుగుతారు. 2025 ఏప్రిల్ 24 నుంచి మన విమాన సంస్థలకి పాకిస్తాన్ గగనతలం మూతపడింది. ఢిల్లీ నుంచి అల్మాటీకి మన సంస్థ నడిపే సర్వీసు ఆ నెలాఖరుకే ఆగిపోయింది. మేం ఎక్కే ఛార్టర్ విదేశీ సంస్థది, దానికి ఆ అడ్డు లేదు. వదినకి మాట ఇచ్చాం, జూన్ మొదటి వారంలో బయల్దేరాం. ఈసారి ముందే జాగ్రత్తపడ్డాం. రెండు వైపులా రైలు బుక్ చేయలేదు, తెనాలి, గుంటూరు వాళ్ళం పన్నెండు మందిమి కలిసి టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. డ్రైవరుకి ఆలస్యమైతే వెయిటింగ్ ఎంతో ముందే చెప్పాం. నాలుగు రోజులకి సరిపడా మాత్రలు, డాక్టరు చీటీ ఒక గుడ్డ సంచిలో పెట్టి అత్తయ్య మెడలో వేశాను. ఆ సంచి ఆవిడే కుట్టుకున్నారు, పాత జాకెట్ ముక్కతో.

వెళ్ళేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంటన్నర ఆలస్యం, అంతే. వదిన పేరు జాబితాలో ఇంటిపేరు పొట్టి అక్షరంతో పడింది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. టూర్ మేనేజర్ కౌంటర్ దగ్గరే సరిచేయించాడు. ఒక చిన్న సంగతి: 2023లో అల్మాటీ గడియారం మనకంటే అరగంట ముందుండేది. 2024 మార్చి 1న వాళ్ళు దేశమంతా ఒకటే టైము చేశారు, ఇప్పుడు మనకంటే అరగంట వెనక. పాత అలవాటుతో చేతి గడియారం మార్చుకుని తిరుగు ప్రయాణం రోజు కంగారుపడ్డాం.

ఎవరైనా అడిగితే నేను ఇలా చెబుతాను. పెద్దవాళ్ళతో మొదటిసారి విదేశం వెళ్ళేవాళ్ళకి, దిగాక ఒకరోజు ఇంట్లో తీరిక ఉన్నవాళ్ళకి ఛార్టర్ మంచిది. మర్నాడు ఆఫీసుకో, పెళ్ళికో, పరీక్షకో వెళ్ళాల్సినవాళ్ళు ఎక్కొద్దు.

ఇంకొక్క మాట. మూడుసార్లూ మాకు ఎక్కువ అలసట విమానంలో కాదు, గుంటూరు నుంచి శంషాబాద్ దాకా రోడ్డు మీద వచ్చింది. గన్నవరం మాకు గంటన్నర దూరం కూడా లేదు. 2017లో అంతర్జాతీయ విమానాశ్రయమని ప్రకటించారు. రన్‌వే 3,360 మీటర్లు ఉంది, మేం ఎక్కిన లాంటి విమానానికి చాలినంత కన్నా ఎక్కువే. 2018 డిసెంబరులో సింగపూర్ సర్వీసు మొదలై మరుసటి ఏడాదే ఆగిపోయింది, 2022 అక్టోబరులో షార్జా సర్వీసు వచ్చింది. రోజూ నడిచే సర్వీసుకి జనం చాలకపోవచ్చు. కానీ సెలవుల్లో ఒక్క ఛార్టర్ నింపడానికి కావలసింది 189 మంది. మేం ఎక్కిన విమానంలో సగం మంది కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రాత్రంతా రోడ్డు మీద వచ్చినవాళ్ళే. ఈ సంగతి మూడోసారి తిరిగి వచ్చాక టూర్ కంపెనీకి ఉత్తరం రాశాను, మా గ్రూపులో నలభై ఒక్క మంది సంతకాలు పెట్టారు. అత్తయ్యది మొదటి సంతకం.